దంతాల పెట్టె ప్రయాణం



"ఏనుగు బ్రతికినా వెయ్యి వరహాలే, చచ్చినా వెయ్యి వరహాలే" అని పెద్దలు అంటూ ఉండగా మీరు వినే ఉంటారు. గొప్పవాళ్ల విలువ ఎప్పటికీ తరగదని చెప్పటానికి ఈ సామెత వాడతారు. కాని ఏనుగులకు మన మాటలు తెలిస్తే ఈ సామెత విని అవి సంతోషించవు. చచ్చిన తరవాత కూడా వెయ్యి వరహాలు పలకటమే వాటి ప్రాణాలమీదికి తెచ్చింది. బ్రతికి ఉన్న ఏనుగును పట్టి, మాలిమి చేసి, మేపటం రాజులకే కష్టం. దాన్ని చంపి దంతాలు కోసుకుపోవటానికి ఒక తుపాకీ, ఒక గొడ్డలీ ఉంటే చాలు.

దంతంమీద మనుషులకు మోజు ఈనాటిది కాదు. 18వ శతాబ్దంలో మన విశాఖపట్నంలో మంచి పనివాళ్లు ఉండేవారు. వాళ్లు చెక్కపెట్టెలకూ, కుర్చీలకూ దంతపు రేకులు తాపడం చేసి, ఆ రేకులమీద నల్లని గీతలతో పువ్వులూ, లతలూ తీర్చేవారు. ఇంగ్లీషు దొరలు వాటిని ఇష్టపడి కొని, ఓడలలో తమ దేశానికి తీసుకుపోయారు. లండను మ్యూజియంలో ఈనాటికీ వాటిని చూడవచ్చు. ఆ పనితనం చూస్తే ఎవరైనా మెచ్చుకోక తప్పదు. కాని ఆ రేకులు ఎన్ని ఏనుగుల నోటినుంచి వచ్చినవో ఎవరూ లెక్క రాసి పెట్టలేదు.

ఈ నెల మనం ఇంకొక పెట్టె వెంట ప్రయాణం చేద్దాము. ఇది చెక్కపెట్టె కాదు. ఇనుముతో చేసిన పెద్ద పెట్టె. గది అంత ఉంటుంది. దీన్ని కంటెయినరు అంటారు. 2002లో ఈ పెట్టె ఆఫ్రికా ఖండం మధ్యనుంచి బయలుదేరి సముద్రాలు దాటింది. ఇది కల్పించిన కథ కాదు, జరిగిన సంగతి. మీ పుస్తకాల సంచిలోనుంచి ప్రపంచ పటం తీసి దగ్గర పెట్టుకోండి. వేలితో దారి గుర్తిస్తూ చదివితే బాగుంటుంది.

ముందుగా ఆఫ్రికా పటంలో జాంబియా దేశం వెతకండి. దొరికిందా? దీనికి సముద్రం లేదు. చుట్టూ ఎనిమిది దేశాలు ఉన్నవి. ఎనిమిది దేశాలంటే ఎనిమిది సరిహద్దులు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మన కథలో దీనితో పని ఉన్నది.

జాంబియాకు తూర్పు వైపున లువాంగ్వా అనే నది పారుతున్నది. అది పోయి జాంబెజీ మహానదిలో కలుస్తుంది. ఈ లువాంగ్వా లోయ అంతా పెద్ద అడవి. మనకు వేసవి ఏప్రిల్, మే నెలలలో వస్తే వాళ్లకు అక్టోబరులో ఎండలు మండిపోతాయి. అప్పటికి నది చిక్కిపోయి ఇసుక తిన్నెల మధ్య సన్నగా పారుతూ ఉంటుంది. చుట్టుపక్కల మడుగులన్నీ ఎండిపోవటంచేత మృగాలన్నీ నది ఒడ్డుకు చేరతాయి. నీళ్లలో నీటి గుర్రాలు ముక్కులు మాత్రం బయట పెట్టి పడుకుంటాయి. ఏనుగులు చెట్ల మొదళ్లకు నుదురు ఆనించి ఊపుతాయి. పైనుంచి కాయలు జలజలా రాలితే తొండంతో ఏరుకుని తింటాయి.

ఈ లోయలో మ్ఫూవే అనే చోట యాత్రికులకోసం కట్టిన ఒక వసతి గృహం ఉన్నది. దాని పెరటిలో ఒక అడవి మామిడి చెట్టు ఉన్నది. ఆ గృహం కట్టకముందునుంచీ ఏనుగులు ఆ చెట్టు పళ్లకు వచ్చేవి. కట్టినవాళ్లకు ఆ సంగతి తెలియదు. నవంబరు నెల వచ్చి పళ్లు పండేసరికి ఒక ఏనుగు కుటుంబం మెట్లెక్కి, యాత్రికులు పేర్లు రాయించుకునే గదిలోనుంచే నడిచి, పెరటిలోకి వెళ్లి, పళ్లు తిని, వచ్చిన దారినే తిరిగి వెళ్లింది! ఆ తరవాత కూడా పళ్ల కాలంలో అవి అలాగే వస్తూ ఉన్నవి. అక్కడివాళ్లు పక్కకు తప్పుకుని దారి ఇస్తారు.

దీన్నిబట్టి ఏనుగుల తెలివి ఎలాటిదో తెలుసుకోవచ్చు. ఏనుగుల కుటుంబాన్ని ముసలి ఆడ ఏనుగు నడిపిస్తుంది. ఏ చెట్టు ఎప్పుడు పండుతుందో, కరువు వచ్చినప్పుడు నీళ్లు ఎక్కడ దొరుకుతాయో దానికి జ్ఞాపకం ఉంటుంది. పిల్లలు దాని వెంట తిరిగి నేర్చుకుంటాయి. మన ఇళ్లలో నాయనమ్మ ఎలాగో వాటికి ఆ ముసలి ఏనుగు అలాగ. అయితే దంతాలు ఏనుగు బ్రతికినంత కాలమూ పెరుగుతూనే ఉంటాయి. అందుచేత ముసలివాటికే పెద్ద దంతాలు. దొంగ వేటగాడు తుపాకీ ఎక్కుపెట్టేది ముందుగా వాటిమీదే. ఒక్క గుండుతో దంతాలు పోవటమే కాదు, కుటుంబానికి దారి చూపించే తల పోతుంది.

"చంపకుండా దంతాలు తీసుకోవచ్చు గదా?" అని మీరు అడగవచ్చు. వీలులేదు. దంతం అంటే ఏనుగు పై దవడలో ముందు పన్ను. అందులో సుమారు మూడో వంతు పుర్రె లోపల నాటుకుని ఉంటుంది. దంతం మొత్తం కావాలంటే ముఖం నరకవలసిందే. మన దేశంలో ఆడ ఏనుగులకు బయటికి కనిపించే పెద్ద దంతాలు ఉండవు గనుక అవి కొంత బతికిపోయినవి. ఆఫ్రికాలో ఆడవాటికీ మగవాటికీ కూడా దంతాలు ఉంటాయి. 1979లో ఆఫ్రికా ఖండంలో సుమారు 13 లక్షల ఏనుగులు ఉన్నట్టు అంచనా వేశారు. పది సంవత్సరాలు తిరిగేసరికి, 1989లో, సుమారు 6 లక్షలు మిగిలినవి. అంటే సగానికి సగం కూడా లేవు!

అప్పుడు ప్రపంచ దేశాలు కళ్లు తెరిచినవి. అంతకుముందే 1973లో వాషింగ్టను నగరంలో, అంతరించిపోయే మృగాల వ్యాపారాన్ని అదుపుచేయటానికి ఒక ఒప్పందం రాసుకున్నారు. దాన్ని సైటిస్ అంటారు. 1989 అక్టోబరులో ఆ ఒప్పందపు దేశాలు సమావేశమై, ఆఫ్రికా దంతాన్ని దేశాల మధ్య అమ్మకూడదని తీర్మానించినవి. 1990నుంచి అది అమలులోకి వచ్చింది.

మరి అమ్మకూడదన్న తరవాత వ్యాపారం ఆగిందా? బహిరంగంగా జరిగేది చాలా వరకు ఆగింది. దొంగతనంగా జరిగేది మాత్రం దారులు వెతుక్కున్నది. మన పెట్టె అటువంటి దారినే పోయింది.

పటంలో జాంబియానుంచి తూర్పుగా వేలు జరపండి. మలావీ దేశం వస్తుంది. దాని ముఖ్య పట్టణం లిలోంగ్వే. చుట్టూ పొగాకు, మొక్కజొన్న పండే ఊళ్లు. ఈ పట్టణంలో 2002లో మన పెట్టెలో సరుకు నింపారు. 532 దంతాలు కోయకుండా అలాగే పెట్టారు. వాటితోపాటు కోసి నున్నగా చేసిన చిన్న కడ్డీలు దాదాపు 42 వేలు ఉన్నవి. అంతా కలిసి ఆరున్నర టన్నులు. పెట్టె తలుపు మూసి, "రాతి బొమ్మలు" అని కాగితాలమీద రాశారు.

ఆ కడ్డీలు దేనికంటారా? జపానులో కాగితాలమీద సంతకానికి బదులు ముద్ర వేసే అలవాటు ఉన్నది. వేలెడు పొడుగు కడ్డీ చివర పేరు చెక్కించుకుని, ఎర్ర సిరా అద్ది వేస్తారు. దానిపేరు హాంకో. చెక్కతోనూ, కొమ్ముతోనూ కూడా ముద్రలు చేస్తారు. కాని దంతపు ముద్ర ఉంటే గొప్ప అనుకునేవాళ్లు ఉన్నారు. ఒక మనిషి తన పేరు ముద్రించుకోవటానికి, ఎక్కడో లువాంగ్వా లోయలాటి చోట ఒక ఏనుగు కూలవలసి వచ్చింది.

ఇప్పుడు మలావీనుంచి దక్షిణంగా రండి. మొజాంబిక్ దేశంలో సముద్రపు ఒడ్డున బెయిరా అనే రేవు ఉన్నది. సముద్రం లేని మలావీ, జాంబియా, జింబాబ్వే దేశాల సరుకులు ఎన్నో ఈ రేవునుంచే ఓడ ఎక్కుతాయి. మన పెట్టె లారీమీద ఇక్కడికి వచ్చి, చిన్న ఓడ ఎక్కి, దక్షిణ ఆఫ్రికాలోని డర్బన్ చేరింది.

డర్బన్ పేరు మన తెలుగువాళ్లలో కొందరికి కొత్త కాదు. 1860నుంచి చెరుకు తోటలలో పని చేయటానికి మద్రాసు రేవులో ఓడలెక్కి ఇక్కడికి వచ్చినవారిలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల మునిమనమలు ఈనాటికీ ఇక్కడ ఉగాది పండుగ చేసుకుంటున్నారు. డర్బన్ చాలా పెద్ద రేవు. ఇక్కడ మన పెట్టెను దించి, పెద్ద ఓడమీదికి ఎక్కించారు. ఆ ఓడ హిందూ మహాసముద్రం దాటి సింగపూరు వెళ్లుతుంది. అక్కడినుంచి పెట్టె జపాను చేరాలని దొంగల ఏర్పాటు.

ఇన్ని చోట్ల దించి ఎక్కించటం ఎందుకు? తిన్నగా పంపితే ఏమి? ఇందులోనే దొంగల తెలివి ఉన్నది. పెద్ద రేవులలో రోజూ వేలకొద్దీ పెట్టెలు వచ్చిపోతూ ఉంటాయి. పైకి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ప్రతి పెట్టె తలుపూ తీసి చూడాలంటే ఓడలు కదలవు. అందుచేత సుంకం అధికారులు కాగితాలు చూసి, అనుమానం వచ్చినవాటినే తెరిపిస్తారు. ఆఫ్రికానుంచి వచ్చిన పెట్టె అంటే జపాను అధికారులు అనుమానించవచ్చు. సింగపూరునుంచి వచ్చిన పెట్టె అంటే అంతగా అనుమానించరు. మధ్యలో ఎన్ని రేవులు మారితే సరుకు పుట్టిన చోటు అంతగా మరుగున పడుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. జాంబియా పోలీసు తన దేశంలో దొంగను తరుముకుంటూ పోయి సరిహద్దు దగ్గర ఆగిపోవాలి. ఒక్క అడుగు అవతల వేస్తే అతను మలావీలో మామూలు ప్రయాణికుడే! అతని చొక్కామీది బిళ్లకు అక్కడ విలువ లేదు. తన దేశపు కోర్టు ఇచ్చిన వారంటు అక్కడ చెల్లదు. ఒక దేశం ఇంకొక దేశానికి ఉత్తరం రాయాలి. ఆ దేశం ఒప్పుకోవాలి. ఆ కాగితాలు నడిచేలోపల దొంగ రెండు సరిహద్దులు దాటిపోతాడు. దొంగలకు సరిహద్దు గోడ కాదు, దాక్కునే చాటు.

దీనికి విరుగుడుగా ఆఫ్రికా దేశాలు కొన్ని ఒక ఏర్పాటు చేసుకున్నవి. 1994 సెప్టెంబరులో జాంబియా ముఖ్య పట్టణమైన లుసాకాలో సమావేశమై ఒక ఒప్పందం కుదుర్చుకున్నవి. దాన్ని లుసాకా ఒప్పందం అంటారు. జాంబియా, కెన్యా, టాంజానియా, ఉగాండా మొదలైన దేశాలు ఇందులో చేరినవి. ఒప్పందం ప్రకారం 1999లో కెన్యా ముఖ్య పట్టణమైన నైరోబీలో ఒక దళం ఏర్పడింది. వేరువేరు దేశాల అధికారులు ఒకే కచేరీలో కూచుని పనిచేస్తారు. ఒకరికి తెలిసిన సంగతి ఇంకొకరికి చెప్పుకుంటారు. ఒక దేశంలో తప్పిపోయిన దొంగ ఆచూకీ ఇంకొక దేశంలో తీస్తారు. ఇలాటి దళం ఉండబట్టి సరిహద్దుకు ఇవతలి కన్నూ అవతలి కన్నూ కలిసి చూడగలిగినవి.

మన పెట్టె సముద్రంమీద ఉండగానే ఆఫ్రికాలో దాని ఆచూకీ బయటపడింది. సింగపూరుకు హెచ్చరిక వెళ్లింది. వేల పెట్టెలలో ఫలానా పెట్టె అని తెలిసిన తరవాత కష్టమేమున్నది? 2002 జూన్ నెలలో సింగపూరు అధికారులు ఆ పెట్టెను పట్టుకుని తెరిపించారు. రాతి బొమ్మలు లేవు. దంతాలూ, దంతపు కడ్డీలూ బయటపడినవి. 1989 తీర్మానం తరవాత అంతవరకు ఒకేచోట పట్టుబడిన దంతాలలో ఇంత పెద్ద మొత్తం ఇంకొకటి లేదు. ఒక్కొక్క దంతం సగటున 11 కిలోలకు పైగా ఉన్నది. అంటే అవన్నీ వయసు మళ్లిన ఏనుగులవి. ఆ కుటుంబాల నాయనమ్మలూ, తాతలూ అన్నమాట.

సరుకు దొరికింది. కాని ఇవి ఏ అడవి ఏనుగులు? దంతంమీద ఊరు పేరు రాసి ఉండదు గదా! అది తెలియకపోతే ఏ అడవిలో కాపలా పెంచాలో ఎవరికీ తెలియదు. ఆఫ్రికా అంతటా అక్కడొకటి, అక్కడొకటిగా కూడబెట్టిన దంతాలై ఉంటాయని చాలామంది అనుకున్నారు.

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పటానికి ఆ దంతాల ముక్కలు కొన్ని ఇంకొక సముద్రం దాటి, అమెరికాలోని సియాటిల్ నగరానికి వెళ్లినవి. అక్కడ వాషింగ్టను విశ్వవిద్యాలయంలో సామ్యూల్ వాసర్ అనే శాస్త్రజ్ఞుడు ఉన్నాడు. ఆయన ఒక విచిత్రమైన పటం తయారు చేశాడు. దేనితోనో తెలుసునా? ఏనుగు పేడతో!

నవ్వకండి. ప్రతి ప్రాణి శరీరంలోని కణాలలోనూ డీఎన్ఏ అనే పదార్థం ఉంటుంది. తల్లిదండ్రుల పోలికలు పిల్లలకు వచ్చేది దానివల్లనే. ఏనుగు పేడ వేసినప్పుడు పేగుల లోపలి పొర కణాలు కొన్ని పేడతో కలిసి బయటికి వస్తాయి. వాటిలో ఆ ఏనుగు డీఎన్ఏ ఉంటుంది. ఏనుగు దగ్గరికి పోనక్కరలేదు, దాన్ని పట్టనక్కరలేదు. అది వెళ్లిపోయిన తరవాత పేడ ఎత్తుకుంటే చాలు. ఆఫ్రికాలో ఎన్నో అడవులనుంచి ఇలా పేడ తెప్పించి, ఏ ప్రాంతపు ఏనుగుల డీఎన్ఏ ఎలా ఉంటుందో ఆయన పటంమీద గుర్తించాడు. దగ్గర దగ్గరగా తిరిగే ఏనుగులలో పోలికలు ఎక్కువ, దూరంగా ఉండేవాటిలో తక్కువ.

తరవాత దంతపు ముక్కను విపరీతంగా చల్లబరిచి పొడి చేసి, అందులోని డీఎన్ఏ తీసి పటంతో సరిచూశారు. దంతాలన్నీ ఒకే వైపు వేలు చూపించినవి. అవి ఆఫ్రికా అంతటినుంచీ వచ్చినవి కావు. జాంబియా కేంద్రంగా ఉన్న ఒక ప్రాంతపు ఏనుగులవి! ఈ ఫలితాలు 2007లో అచ్చయినవి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాము. 2002లో జాంబియా ప్రభుత్వం తన దగ్గర నిలవ ఉన్న దంతాలు అమ్ముకోవటానికి అనుమతి అడిగింది. అప్పుడు, గడచిన పది సంవత్సరాలలో దొంగ వేటగాళ్లు చంపినట్టు తమకు తెలిసిన ఏనుగులు 135 మాత్రమే అని చెప్పింది. మన పెట్టెలో కోయని దంతాలే 532. ఏనుగుకు రెండు చొప్పున చూసినా 266 ఏనుగులు! 42 వేల కడ్డీలకు ఎన్ని దంతాలు కోశారో అది వేరే లెక్క. అంటే అడవిలో జరిగిన ఘోరంలో చాలా భాగం లెక్కకే రాలేదన్నమాట. ఈ సంగతి బయటపడిన తరవాత జాంబియా తన వన్యమృగ శాఖ అధిపతిని మార్చింది. దంతపు దొంగలకు అక్కడి కోర్టులు మునుపటికన్న పెద్ద శిక్షలు వేయసాగినవి.

గుడ్డివాళ్లు ఏనుగును తడిమి చూసిన కథ మీకు తెలుసు. కాలు తడిమినవాడు స్తంభమన్నాడు, తోక తడిమినవాడు తాడన్నాడు, చెవి తడిమినవాడు చేట అన్నాడు. ఈ దంతాల విషయంలో దేశాల సంగతి కూడా అలాగే ఉండేది. జాంబియాకు కనిపించింది అడవిలో కుళ్లిన కళేబరం. మలావీలో మిగిలింది దంతపు పొట్టు. డర్బన్‌లో చూసింది రాతి బొమ్మలని రాసిన కాగితం. సింగపూరుకు దొరికింది ఇనపపెట్టె. ఒక్కొక్కటి విడిగా చూస్తే చిన్న నేరం. అన్నీ కలిపి చూసినప్పుడే ఏనుగంత నేరం కనిపించింది.

మన పెట్టె ప్రయాణం ఇంకా పూర్తి కాలేదు. జపానుకు పోవలసిన దంతాలు తిరిగి ఆఫ్రికాకు వచ్చినవి. నైరోబీ దళం అధీనంలో వాటిని భద్రంగా ఉంచారు. చివరకు 2011 జూలై 20న వాటిని కెన్యాలోని మన్యానీకి చేర్చారు.

నైరోబీనుంచి మొంబాసా రేవుకు పోయే పెద్ద రోడ్డు పక్కన త్సావో అడవి ఉన్నది. మన్యానీ అక్కడిదే. కెన్యా అటవీ రక్షకులకు తరిఫీదు ఇచ్చే బడి అక్కడ ఉన్నది. త్సావోలో నేల ఎర్రగా ఇటుక పొడిలాగా ఉంటుంది. ఏనుగులు ఆ మట్టి తొండంతో వీపుమీద చల్లుకోవటంవల్ల ఎర్ర ఏనుగులలాగా కనిపిస్తాయి. ఆ నేలమీద 335 దంతాలూ, సుమారు 42 వేల చిన్న కడ్డీలూ, ముక్కలూ కుప్ప పోశారు. దాదాపు 5 టన్నులు. అప్పటి కెన్యా అధ్యక్షుడు మ్వాయి కిబాకి ఆ కుప్పకు నిప్పు పెట్టాడు.

"అంత విలువైన సరుకు తగలబెట్టటమా! అమ్మి ఆ డబ్బుతో అడవులు కాపాడవచ్చు గదా!" అని మీ నాన్నగారు అనవచ్చు. ఆ మాట అనే దేశాలు ఆఫ్రికాలోనే ఉన్నవి. బోత్స్వానా, నమీబియా, జింబాబ్వే దేశాలలో ఏనుగులు ఎక్కువ. 1999లో ఆ మూడు దేశాలు తమ నిలవ దంతాలను అనుమతితో జపానుకు ఒకసారి అమ్మినవి కూడా.  ఏనుగులు చేలమీద పడి పంట తొక్కితే నష్టపోయేది అక్కడి రైతులే. అందుచేత ఆ మాటను తేలికగా తీసిపారెయ్యటానికి వీలులేదు.

కాని కెన్యావాళ్లు చెప్పేది ఏమంటే: బజారులో మంచి సరుకు ఉన్నంతకాలం దొంగ సరుకు దాని చాటున దాక్కుంటుంది. రెండిటికీ రంగు ఒకటే. కొనేవాడు ఉంటే చంపేవాడు ఉంటాడు. చచ్చిన ఏనుగు విలువ వెయ్యి వరహాలు కాదు, గుప్పెడు బూడిద అని అందరికీ తెలియాలి. ఈ పని వాళ్లు మొదట 1989లోనే చేశారు. అప్పటి అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయి నైరోబీలో 12 టన్నుల దంతాలకు నిప్పు పెట్టాడు. 2016 ఏప్రిల్‌లో అక్కడే 105 టన్నులు తగలబెట్టారు.

మన దేశంలో కూడా ఇదే చిక్కు వచ్చింది. మన ఏనుగుల దంతాల వ్యాపారాన్ని 1986లో నిషేధించారు. ఆఫ్రికా దంతం మాత్రం దిగుమతి అవుతూ ఉండేది. దాని పేరు చెప్పి మన ఏనుగుల దంతాలు అమ్మేవాళ్లు బయలుదేరారు. అందుచేత 1991లో ఆఫ్రికా దంతాన్ని కూడా నిషేధించారు. తరతరాలుగా దంతం చెక్కిన పనివాళ్లు చందనం, ఒంటె ఎముక, కొయ్య చెక్కటానికి మారవలసివచ్చింది. వాళ్లకు అది కష్టమే అయింది.

ఈ కథతో దంతపు దొంగలు అంతరించలేదు. 2016లో ఆఫ్రికా ఏనుగులు సుమారు 4 లక్షల 15 వేలు అని అంచనా వేశారు. కాని పట్టుకునే పని మాత్రం మెరుగుపడింది. 2017 ఆఖరుకు చైనా దేశం తన దంతపు బజార్లు మూసివేసింది. 2019 ఫిబ్రవరిలో టాంజానియా కోర్టు, దంతాలు దాటించే ముఠాను నడిపిన ఒక చైనా వర్తకురాలికి 15 సంవత్సరాల జైలుశిక్ష వేసింది. అదే సంవత్సరం జూలైలో, అదే సింగపూరులో, కాంగోనుంచి వియత్నాం పోతున్న సరుకులో 8.8 టన్నుల దంతాలు దొరికినవి. ఈసారి ఆచూకీ ఇచ్చింది చైనా సుంకం అధికారులు! వాసర్ ఇంకొక మెట్టు ఎక్కాడు. ఒకే ఏనుగు దంతాలు రెండూ రెండు వేరు పెట్టెలలో పట్టుబడటం ఆయన కనిపెట్టాడు. అంటే ఆ రెండు పెట్టెలూ పంపినది ఒకే ముఠా అన్నమాట. చచ్చిపోయిన ఏనుగే సాక్ష్యం చెప్పినట్టయింది.

సరిహద్దు అన్నది మనుషులు గీసుకున్న గీత. ఏనుగులకు అది తెలియదు. 1980 తరవాత తమిళనాడు, కర్ణాటక అడవులనుంచి ఏనుగులు మన చిత్తూరు జిల్లా అడవులలోకి వచ్చినవి. అంతకుముందు చాలాకాలం అక్కడ ఏనుగులు లేవు. వాటికోసం పలమనేరు దగ్గర కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఈనాటికీ అవి మూడు రాష్ట్రాల మధ్య తిరుగుతూనే ఉంటాయి. మూడు రాష్ట్రాల అధికారులూ కబురు పంపుకుంటే గాని వాటినీ, చేలనూ కాపాడటం సాధ్యం కాదు.

ఇక మీరు చేయగల పని ఒకటి ఉన్నది. ఏదైనా యాత్రలో ఎవరైనా రహస్యంగా దంతపు బొమ్మ, దంతపు గాజు చూపించి "పాతది, తీసుకోండి" అంటే కొనవద్దని మీ వాళ్లకు చెప్పండి. మన దేశంలో దాన్ని కొనటం కూడా నేరమే. ఆ బొమ్మ ఎన్ని సరిహద్దులు దాటి వచ్చినా చివరి సరిహద్దు కొనేవాడి గుమ్మమే. అక్కడ కాపలా కాయవలసినది మీరూ, మీ వాళ్లూ.

పటం మూసేముందు ఇంకొకసారి లువాంగ్వా మీద వేలు పెట్టండి. నవంబరు నెలలో మ్ఫూవేలో అడవి మామిళ్లు పండుతాయి. ముసలి ఏనుగు ముందు నడుస్తుంది. వెనకనే పిల్లలు. ఆ దారి వాటికి చూపించటానికి ఆ ముసలిది బ్రతికి ఉండాలి.